శనివారం పొయ్యి

అల్ ఐన్,
3-7-2007, మంగళవారం.

పూజ్యురాలైన అక్కయ్యకి,

తమ్ముడు అప్పాజీ నమస్కారాలు చేసి రాసుకునేది. నేను ఇక్కడ కులాసా. బయట ఎండ మండిపోతోంది గానీ పనంతా చల్లటి గదుల్లోనే కాబట్టి ఒంటికి ఏమీ లేదు. అక్కడ నువ్వూ, మన అమ్మాయి విజయదుర్గా బాగున్నారని, అమలాపురంలో నీ కంటికి వేసిన అద్దం కుదురుకుందని తలుస్తున్నాను. నువ్వు చదువుకోవడానికి వీలుగా అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. అందుకే ఇన్ని కాగితాలయ్యాయి. మాటలు పెంచానని అనుకోకు.

ఒక్క మనవి. ఎప్పటిలా ఈ ఉత్తరం అమ్మాయి చేత చదివించుకోకు. నువ్వొక్కదానివే చదువుకో. కిందటి ఉత్తరంలో నువ్వు రాశావు, పేరమ్మ తోటకూర గంప ఎత్తుకుని వీధంతా కేకలు వేస్తూ పోయి మన గుమ్మం దగ్గరకి వచ్చేసరికి నోరు మూసుకుంటుందని, నలభై ఏళ్లయినా దాని పొగరు దిగలేదని. ఆ ముక్కకి నేను జవాబు చెప్పాలి. అదే మొదట రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నువ్వు అడిగిన మిగతా వాటికి ముందు రాసి, దానికి తర్వాత వస్తాను.

అబూధాబీ మెస్సు మానేశావా అని అడిగావు. మానలేదు. మన ఆఫీసు కుటుంబాల వాళ్లంతా వేసవికి దేశం పోతారు కదా, మెస్సుకి రెండు నెలలు తాళం. డ్రైవరు అల్లాబకాష్ వచ్చి, “పెద్దాయనా, అల్ ఐన్‌లో ఒక క్యాంపు ఉంది. మూడు వారాలు వంట. వస్తావా?” అన్నాడు. ఈ దేశంలో క్యాంపు అంటే కూలీలు ఉండే చోటు. దుబాయ్ సోనాపూర్‌లో చూశాను, ఒక గదిలో పన్నెండు మంచాలు. సరే, ఎక్కడైతే ఏమిటి, అన్నం ఉడికించడమే కదా అని బయల్దేరాను. తీరా దిగితే ఖర్జూరం తోటలో పెద్ద బంగళా, ముప్పైనాలుగు మంది పిల్లలు. వేసవి సెలవుల్లో పిల్లల్ని ఒకచోట చేర్చి ఆటలూ చదువూ నేర్పితే దాన్నీ క్యాంపు అంటారట. “కూలీలేరయ్యా?” అని అడిగాను. “కూలీవి నువ్వే పెద్దాయనా, యల్లా, దిగు!” అన్నాడు అల్లాబకాష్.

వాళ్లు ఏ మతం వాళ్లని అడుగుతావు. యూదులు. దుబాయ్‌లో బ్యాంకుల్లోనూ కంపెనీల్లోనూ పనిచేసే ఫ్రాన్సు వాళ్లు, అమెరికా వాళ్లు, దక్షిణాఫ్రికా వాళ్లు. కొద్ది కుటుంబాలే. తమ గొడవేదో తమది, చాటింపు లేకుండా బతుకుతారు. వాళ్ల మాంసానికి వాళ్ల పద్ధతి వేరట, అది ఇక్కడ దొరకదు. మాంసం తగిలిన గిన్నె పాలకి పనికిరాదు. అందుకని అసలు మాంసమే ముట్టని వంటవాణ్ణి వెతికారు. అలా నాకు పిలుపు వచ్చింది.

ఇవన్నీ నాకు బేబీ చెప్పింది. బేబీ మన రాజోలు పిల్ల, క్రైస్తవులు. దుబాయ్‌లో ఒక యూదుల ఇంట్లో ఆరేళ్లుగా పని చేస్తోంది. ఆ ఇంటి పాపకి తోడుగా ఇక్కడికి వచ్చి వంటింట్లో నాకు చెయ్యి సాయం ఉంది. “ఈళ్ల పుస్తకంలో కతలన్నీ మా బైబిల్లో ముందు సగంలో ఉన్నాయే బాబాయ్. నాకు సండే స్కూల్లోనే కంఠతా వచ్చేసినాయి” అని గొప్పలు పోతుంది.

వంటింటికి పెద్ద మిరియం అనే ఆవిడ. నా నోటికి మిరియమ్మ అనే వచ్చింది, ఆవిడకీ అదే నచ్చింది. మొదటి రోజు నేను పొయ్యి వెలిగించబోతే ఆవిడ పరుగున వచ్చి లైటర్ లాక్కుంది. తను వెలిగించి, ఇక వండుకో అని సైగ చేసింది. రోజూ ఇంతే. నాకు మనసు కష్టమైంది. ఇన్నేళ్లు వంట చేసినవాణ్ణి, పొయ్యి వెలిగించడం రాదా అనుకున్నాను.

“రాక కాదు బాబాయ్. ఆళ్లలో ఒకళ్ల చెయ్యి పడితేనే ఆ కూడు ఆళ్లకి చెల్లుద్ది. మీ అక్కగారి మడి అని చెబుతారే, ఇదీ అంతే. ఇప్పుడు తెలిసొచ్చిందా, గడప అవతల నిలబడేవోళ్ల సంగతి?” అని బేబీ పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. కానీ ఆ తర్వాత ఆ వంటిల్లు నాకు కొత్తగా అనిపించలేదు. గిన్నె ఎక్కడ బోర్లించాలో, ఏ గుడ్డ దేనికో, ఏది దేనికి తగలకూడదో, అంతా నీ వంటింట్లో నేర్చుకున్నదే.

వాళ్ల చదువు సంగతి చెప్పాలి అక్కయ్యా. అది చూడ్డానికే ఇంత దూరం వచ్చాననిపిస్తుంది. వాళ్ల ధర్మగ్రంథం పేరు తోరా. దాన్ని వారానికొక భాగంగా పంచుకున్నారు. ఏ దేశంలో ఉన్నా ఆ వారం అందరూ అదే భాగం చదువుతారట. ఏడాదికి పుస్తకం పూర్తవుతుంది. పూర్తయిన రోజే మళ్లీ మొదటి పేజీ తిప్పుతారు. చదివిందే మళ్లీ ఎందుకు అని ఏలీ మాస్టారిని బేబీ చేత అడిగించాను. ఏలీ మాస్టారు వాళ్ల గురువు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, గడ్డం మాత్రం పెద్దది. “పుస్తకం అదే. చదివేవాడికి ఒక ఏడు పెరిగింది కదా” అన్నారు. ఆ పూట బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఆ మాటే నెమరు వేసుకున్నాను.

ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకళ్లతో ఒకళ్లు దెబ్బలాడుకుంటున్నట్టు చదువుతారు. హాలంతా సంత. మన బడిలో నోరు తెరిస్తే బెత్తం. ఇక్కడ నోరు తెరవని పిల్లవాణ్ణి చూసి మాస్టారు బెంగపడతారు. గంట కొట్టే ముందు ఎవరికి ఎన్ని వచ్చాయని అడగరు. ఇవాళ మంచి ప్రశ్న ఎవరు అడిగారని అడుగుతారు. నేను అయిదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఆ మాట విన్నప్పుడల్లా గుమ్మం పక్కన నిలబడిపోతాను, పప్పు అడుగంటినా సరే.

బేబీ తోడు వచ్చిన పాప పేరు తాలియా. తొమ్మిదేళ్లు. తెల్లటి పిల్ల, రాగి జుట్టు. నోరు తెరిస్తే మన కోనసీమ. ఆరేళ్లు బేబీ చేతిలో పెరిగింది మరి! నన్ను మొదటిసారి చూసి, “ఆయ్, నా పేరు తాలియా అండి, తవరి పేరేంటండి?” అంటే గరిటె జారవిడిచాను. మాస్టారు పిల్లలకి ఒక పని పెట్టారు. నేర్చుకున్నదాన్ని, అది తెలియనివాడు ఒకడికి చెప్పిరావాలి. తాలియాకి నేను దొరికాను. చదువు అవగానే వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుని ఆ వారం కథ చెబుతుంది. కిందటి వారం చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

“ఒకాయన ఉన్నాడండి తాతగారూ. గాడిదెక్కి చెడ్డ పని మీద ఎళ్తన్నాడు. దారిలో దేవదూత కత్తి పట్టుకుని నిలబడ్డాడండి. ఆయనకి కనపళ్లేదు, గాడిదకి కనపడ్డాడు. అది పొలంలోకి తప్పుకుంది. ఆయన కొట్టాడు. గోడకి నొక్కుకుంది. మళ్లీ కొట్టాడు. ఇంక చోటు లేక కూలబడిపోయింది. మళ్లీ కొట్టాడండి! అప్పుడు దేవుడు దానికి నోరిచ్చాడు. నిన్నేం చేశానని మూడుసార్లు కొట్టావు అంది.”

“మరి ఆయనో?”

“ఆయనకీ దూత కనపడ్డాడు. తప్పు చేశాను, నాకు తెలీదు అన్నాడండి.”

“అయితే కథ మంచిగానే అయింది.”

“ఏం మంచండీ! తప్పయిందని దూతకి చెప్పాడు. దెబ్బలు తిన్నది గాడిద కదండీ, దానికి చెప్పలేదేంటి? నేనదే అడిగాను. మంచి ప్రశ్న నాదేనన్నారు మాస్టారు.”

అప్పుడు నా చేతిలో మామిడికాయ ముక్కలున్నాయి. ఈ తోటలో రెండు మామిడి చెట్లున్నాయి, కాయ చిన్నది గానీ పులుపు బాగుంది. మిరియమ్మ దగ్గర నిలబడి చూస్తుంటే చిన్న జాడీడు ఆవకాయ కలుపుతున్నాను. ఆ పిల్ల ప్రశ్నకి నా చెయ్యి ఆగిపోయింది.

శుక్రవారం దీపం పెడుతున్నావా అని అడిగావు. ఈ ఇంట్లో శుక్రవారం దీపం వాళ్లదే. అది పెట్టే సంబరం నువ్వు చూడాలి. శుక్రవారం పొద్దుగుంకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు కనబడేదాకా వాళ్లు ఏ పనీ చేయరు. షబ్బాత్ అంటారు. నిప్పు వెలిగించరు, ఆర్పరు, దీపం మీట నొక్కరు. అందుకని శుక్రవారం తెల్లవారుతూనే ఇల్లంతా కందిరీగల తుట్టె. పిల్లలే గదులు తుడుస్తారు. మీటల మీద కాగితం అంటిస్తారు, పొరపాటున చెయ్యి పడకుండా. తలుపు తీస్తే వెలుగుతుందని ఫ్రిజ్‌లో బల్బు కూడా ఊడదీస్తారు. మిరియమ్మ పిండి పిసికి, జడ అల్లినట్టు అల్లి రొట్టెలు కాలుస్తుంది. నేనూ రెండు అల్లాను. చూసి మెచ్చుకుంది. సాయంత్రానికి అందరూ స్నానాలు చేసి తెల్లబట్టలు కట్టుకుంటారు. ఆడవాళ్లు దీపాలు వెలిగించి కళ్లు మూసుకుంటారు. మాస్టారు ఒక్కొక్క పిల్ల తల మీదా చెయ్యి పెట్టి దీవిస్తారు. ముప్పైనాలుగు తలలు, ఏ ఒక్కరినీ తొందరగా వదలరు.

ఆ రోజు పనివాడికీ, పశువుకీ కూడా విశ్రాంతి అని పుస్తకంలోనే రాసి ఉందట. “అప్పాజీ, నీకూ పని లేదు” అన్నారు మాస్టారు. వంట మొదలుపెట్టాక పండగ పూట ఎవరైనా నాతో ఆ మాట అనడం ఇదే మొదలు. ఏం చేయాలో తెలియక గంటసేపు చేతులు కడుక్కుంటూ గడిపాను.

మొదటి శనివారం చల్లటి తిండే తిన్నారు. రెండో వారం పిల్లలకి వేడిగా పెట్టాలని మిరియమ్మ ఒక ఉపాయం చేసింది. శుక్రవారమే చిక్కుడు గింజలు, బార్లీ, దుంపలు వేసి పెద్ద కుండ ఉడికించి, సన్నటి సెగ మీద రేకు పరిచి దాని మీద కుండ ఉంచింది. మర్నాడు మధ్యాహ్నం దాకా అలా ఉండాలి. వెళ్తూ వెళ్తూ పొయ్యి వైపు చెయ్యి చూపించి, “అప్పాజీ, స్టవ్ ఖలాస్” అంది. ఇక దాన్ని ముట్టుకోవద్దని ఆవిడ భావం. ఖలాస్ అంటే ఈ దేశంలో అయిపోయిందని. పొయ్యి పని అయిపోయిందని నాకు అర్థమైంది.

శనివారం తెల్లవారుజామున మసీదు బాంగు వినబడి లేచాను. వంటింట్లోకి వెళ్తే కుండ కింద సెగ ఉంది. ఆర్పడం మరిచిపోయారు పాపం అనుకున్నాను. పొయ్యి ఆర్పకుండా గడప దాటకూడదని నాకు నేర్పింది నువ్వే కదా. ఆర్పేశాను.

ఏడింటికి తాలియా మంచినీళ్ల కోసం వచ్చింది. పొయ్యి కేసి చూసి, “తాతగారూ, మంటేదండి? మజ్జానం దాకా ఉండాలండి. ఆరిపోతే మేం వెలిగించకూడదు కదండీ” అని, గుక్కెడు తాగి, ప్రార్థనకి వేళయిందని పరుగెత్తింది. కుండ తాకి చూస్తే గోరువెచ్చగా ఉంది. వాళ్లు వెలిగించకూడదు సరే, నేను వెలిగిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. లైటర్ తీసి వెలిగించేశాను. ఎవరైనా ఉన్నారా అని చూశానంటే, తప్పని లోపల ఎక్కడో తెలుసన్నమాట.

పదకొండింటికి కుండ కుతకుతమంటోంది. హాల్లో మాస్టారు గాడిద కథ చదువుతున్నారు, పిల్లలు గాడిదల్లా ఓండ్రపెడుతున్నారు. నేను బేబీని మెల్లగా అడిగాను, ఇవాళ మనలాంటి వాడెవడైనా వాళ్ల కోసం పొయ్యి వెలిగిస్తే ఏమవుతుందని.

“ఏమవుద్ది, ఆ కూడు ముట్టరు.”

“తెలియక తింటే?”

“తిన్నోళ్లకేం బాబాయ్, ఆళ్లకి తెలీదుగా. తెలిసి పెట్టినోడిదే పాపం” అని పళ్లాలు తీసుకుని పోయింది.

అందరూ బల్లల ముందు కూర్చున్నారు. రొట్టె కోసి పంచారు. మిరియమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. ముందు రోజే ఆవిడ అందరితో, అప్పాజీది శుభ్రమైన చెయ్యి, కళ్లు మూసుకుని తినొచ్చు అని చెప్పింది. ఇప్పుడు నోరు విప్పితే ఆ మాట పోతుంది, పనీ పోతుంది, తీసుకొచ్చిన అల్లాబకాష్‌కి చెడ్డపేరు. విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ మూత మీద చెయ్యి వేసింది. నేను ఆ చేతి పక్కన నా చెయ్యి పెట్టి మూత నొక్కి పట్టుకున్నాను.

“ఖలాస్ మేడం” అన్నాను.

“ఖలాస్? గుడ్, గుడ్!” అని నవ్వింది. వంట అయిందంటున్నాననుకుంది.

నాకు ఇంకో మాట దొరకలేదు. బేబీని పిలిచాను. “చెప్పు. పొద్దున్న పొయ్యి ఆర్పింది నేను, మళ్లీ వెలిగించింది నేను అని చెప్పు.”

“ఊరుకోండి బాబాయ్, ఎవరు చూశారు?” అంది బేబీ పళ్ల బిగువున.

“నేను చూశాను. చెప్పు.”

చెప్పింది. అక్కయ్యా, నీకు తెలుసు, నలుగురిలో నేను మంచినీళ్లు కూడా అడగలేను. అంతమంది నన్నే చూస్తుంటే చెమటతో చొక్కా అంటుకుపోయింది. ఏలీ మాస్టారు లేచి వచ్చారు. ఎందుకు చేశావని అడగలేదు. “పొద్దుటి నుంచి మీరు ఏమైనా తిన్నారా?” అని బేబీ చేత అడిగించారు. తినలేదు. నా ముఖం చూసి ఆయనకి తెలిసిపోయింది. కుర్చీ లాగి నన్ను తన పక్కన కూర్చోబెట్టారు.

కుండని పక్కన పెట్టించారు. మిరియమ్మ తల పట్టుకుంది. రొట్టె ఉంది, పెరుగు ఉంది, దోసకాయలున్నాయి, నంజుకోవడానికి ఏముంది? అప్పుడు ఆవిడ చూపు జాడీ మీద పడింది. “దీనికి పొయ్యి?” అని అడిగింది. “లేదు మేడం. నో ఫైర్. ఎండే” అన్నాను. నేను కలుపుతుండగా ఆవిడ దగ్గరే ఉంది కదా, మాస్టారికి తనే చెప్పింది. ఆయన తల ఊపారు. ఇంకేముంది, ముప్పైనాలుగు మంది పిల్లలు జడ రొట్టె, పెరుగు, ఆవకాయ! ముక్కులు కారుతున్నాయి, కళ్లు నీళ్లు, చెంబులు ఖాళీ, మళ్లీ పళ్లాలు ముందుకి. మాస్టారి గడ్డం కూడా ఎర్రబడింది. ఆ గోలలో తాలియా కుర్చీ ఎక్కి, “తాతగారు గాడిదలాగ మాటాడేశారండీ!” అని అరిచింది. బేబీ నాలిక కరుచుకుంది. నేను నవ్వాను. ఆ పిల్ల మెచ్చుకుంటోంది మరి. చీకటి పడి చుక్కలు కనబడ్డాక అల్లాబకాష్ ఆ కుండ తీసుకుపోయి తోట పనివాళ్లకి పంచాడు. నన్ను ఎవరూ పొమ్మనలేదు.

ఇక పేరమ్మ సంగతి.

నలభై రెండేళ్ల కిందట, నువ్వు పుట్టింటికి వచ్చేసిన రెండో ఏడు. ఆ రోజుల్లో నీతో మాట్లాడే మనిషి పేరమ్మ ఒక్కతే. గడపకి ఇవతల నువ్వు, అవతల తను కూర్చుని గవ్వలాడుకునేవారు. ఆ ఏడు నీ మడి ఆవకాయ జాడీ అంతా బూజు పట్టింది. పేరమ్మ ఆ గదిలోకి వెళ్లిందని పక్కింటావిడ చెప్పింది. “జాడీ అంటుకున్నావు” అన్నావు నువ్వు. “లేదమ్మా, వాన జల్లు కొడుతుంటే కిటికీ మూశాను” అంది. మూడుసార్లు అంది. నువ్వు నా వైపు తిరిగి, “ఒరే, నువ్వు చూశావా?” అన్నావు. చూడలేదని నేను తల అడ్డంగా ఊపాను. ఆ రోజుతో పేరమ్మ మన గడప దగ్గర కూర్చోవడం మానేసింది.

అరుగు మీద నుంచి నేను చూశాను అక్కయ్యా. కిటికీయే మూసింది. జల్లు జాడీ మీద పడకుండా మూసింది. జాడీలో చెయ్యి పెట్టింది నేను. దానికి ముందు రోజు, నువ్వు కాలవకి వెళ్లినప్పుడు, అన్నం తింటూ లేచి వెళ్లి, ఎంగిలి చేత్తో ముక్క తీసుకున్నాను.

అది పొగరు కాదు అక్కయ్యా. నలభై రెండేళ్లు మన గుమ్మం ముందు తను మింగుతున్న మాట అది. ఆ గాడిదకి మూడు దెబ్బలకి నోరు వచ్చింది. నాకు ఇంత కాలం పట్టింది.

నీకు రాసేస్తే బరువు దిగుతుందనుకున్నాను. ఇక్కడి దాకా రాశాక ఆ పిల్ల ప్రశ్న అడ్డం వచ్చింది. నీకు చెప్పి ఊరుకుంటే దూతకి చెప్పి ఊరుకున్నట్టే. అందుకని మొదటి కాగితంలో నువ్వొక్కదానివే చదువుకో అన్న మాట ఇప్పుడే వెనక్కి తిప్పి కొట్టేశాను. గీత కింద కనబడుతుంది చూడు. విజయదుర్గ ముందు నా మర్యాద పోతుందని అలా రాశాను. పోనీ.

పేరమ్మ ఈసారి వీధిలోకి వచ్చినప్పుడు లోపలికి పిలు. గడప అవతల కాదు, లోపల కూర్చోబెట్టు. ఆమెకి చదువు రాదు కదా, అమ్మాయి చేత ఇదంతా గట్టిగా చదివించు. ఆమె ఏమన్నా, తిట్టినా సరే, ఒక్క మాట వదలకుండా రాయించి పంపు. ఆ ఉత్తరం కోసం చూస్తుంటాను.

ఇవాళ ఇక్కడ పెద్దవాళ్లకి ఉపవాసం, పిల్లలకి మాత్రమే వంట. అందుకే ఇంత తీరిక దొరికింది. మిరియమ్మ లైటర్ పట్టుకుని వస్తోంది. ఉంటాను.

ఇట్లు,
నీ జాడీలో చెయ్యి పెట్టిన తమ్ముడు,
అప్పాజీ.